గిన్నె అడుగున పేరు

హార్లన్ ఓస్ట్‌బీ తెల్ల టేపును మడమ కింద నుంచి లాగి, చీలమండ చుట్టూ తిప్పి, గోటితో పుటుక్కున తెంపాడు. ఈ పనికే ఆ బొటనవేలి గోరు అరిగి వంకరపోయింది. లూథరన్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు కట్లు కట్టడమే అతని బతుకు. నడుం వంగింది, చేతులకు టేపు జిగురు వాసన శాశ్వతంగా అంటుకుపోయింది.

"తాతా, అంత బిగిస్తే రక్తం ఆడదు," అన్నాడు బల్ల మీద కూర్చున్న ఆటగాడు ఎరిక్.

"నీ నోరు ఆడుతోందిగా, చాల్లే. కళ్ళు నలుపుకుంటావేంటి?"

"నిన్న తలకి తగిలింది. లైటు రెండుగా కనిపిస్తోంది. కోచ్‌తో అనకు. రేపు మ్యాచ్."

హార్లన్ చెయ్యి ఆగిపోయింది. ఒకప్పుడు మైదానం అంచున కర్టిస్ విక్ అనే ఆటగాడు చెప్పిందీ ఇదే. కోచ్ చూస్తున్నాడని హార్లన్ వాడి ముక్కు కింద మైకం వదిలించే ఘాటు మందు సీసా పెట్టి, వీపు తట్టి, ఆటలోకి తోశాడు. మరో దెబ్బ తగిలింది. కర్టిస్ కుడి పక్క చచ్చుబడింది, మాట పడిపోయింది. ప్రమాదం అన్నారందరూ. హార్లన్ నోరు విప్పలేదు.

చాపెల్‌లో మాత్రం అందరితో కలిసి పాపాల ఒప్పుకోలు చదివేవాడు. ప్రొఫెసర్లు, కోచ్‌లు, వంటవాళ్ళు ఒకే గొంతుతో గొణుగుతారు. పాస్టర్ క్షమాపణ ప్రకటిస్తాడు. ఆపైన కాఫీ. అందరూ కలిసి ఒప్పుకుంటే ఎవడూ ఏదీ ఒప్పుకోనట్టే! ఈ మిన్నెసోటా ఊళ్ళో క్షమించమని అడగడం కన్నా ఏదో వండి గిన్నె పట్టుకెళ్ళడం మర్యాద. అందుకే ప్రతి శుక్రవారం హాట్‌డిష్ వండేవాడు. అడుగున గొడ్డుమాంసం, పైన బంగాళదుంపలు. గుమ్మంలో కర్టిస్ తల్లి లొరేన్ చేతిలో పెట్టి, మంచు గురించి రెండు ముక్కలు మాట్లాడి పారిపోయేవాడు.

హార్లన్ లేచి కోచ్ దగ్గరికి వెళ్ళాడు. "ఎరిక్ ఆడడు. తలకి తగిలింది."

"నువ్వెప్పుడు డాక్టరయ్యావు, పెద్దాయనా? కట్టు కట్టు, చాలు."

"వాడికి కట్టను. ఒకణ్ణి తోశాను. ఇంకొకణ్ణి తోయను."

కోచ్ నోరు తెరిచేలోపే బయటికి నడిచాడు. ఈ శుక్రవారం కర్టిస్‌కి చెప్పాలి. ముఖం మీదే చెప్పాలి.

ఇంటికెళ్ళి, పొద్దున వండిన హాట్‌డిష్ వేడిచేసి పట్టుకెళ్ళాడు. లొరేన్ ఇంటి ముందు పాస్టర్ కారు ఆగి ఉంది. ఆమే తలుపు తీసింది.

"తెల్లవారుజామున పోయాడు, హార్లన్. నిద్రలోనే."

వేడి గిన్నె గుడ్డలోంచి చేతులు కాలుస్తోంది. అతను దించలేదు.

"లొరేన్, ఆ రోజు వాణ్ణి నేనే..."

"తెలుసయ్యా. మాట తిరిగొచ్చిన కొత్తల్లోనే చెప్పాడు."

"మరి నన్నెప్పుడూ అడగలేదే?"

"నువ్వే చెబుతావని ఎదురు చూశాడు. శుక్రవారమొస్తే కుర్చీ గుమ్మం దగ్గరికి లాగించుకునేవాడు." ఆమె గిన్నె అందుకుంది. "ఇంకో మాట. వాడికి గొడ్డుమాంసం పడేది కాదు. పక్కింటివాళ్ళకి ఇచ్చేదాన్ని. నువ్వు నొచ్చుకుంటావని చెప్పలేదు. లోపలికి రా, కాఫీ ఉంది."

హార్లన్ మొదటిసారి ఆ గడప దాటాడు. తలుపు పక్కనే కుర్చీ, వీధివైపు తిరిగి. దాని మీద కడిగి బోర్లించిన పోయిన వారం గాజు గిన్నె. అడుగున, గిన్నె తిరిగి రావాలని అంటించిన, చీలమండలకు చుట్టే తెల్ల టేపు ముక్క మీద, అతని రాతలోనే అతని పేరు.