ఆఖరి నలభై సెకన్లు

కెనడాలోని సార్నియాలో, మాకు తెలిసిన కేశవరావు అంకుల్ ఇంట్లో, టీవీ ముందు అరగంటగా ఫోన్ ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. చెయ్యి పీకేస్తోంది. ఫోన్‌లో వీడియో కాల్, అవతల జగిత్యాలలో సరోజన ఆంటీ. ఆవిడ కూతురు భవిత నా రూమ్మేట్, మా కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌లో ఉన్న ఒకే ఒక్క తెలుగమ్మాయి. ఈ చానెల్ ఇండియాలో రాదు. అందుకని నేను ఫోన్ స్టాండునయ్యాను.

సీజనంతా భవిత బెంచీ మీదే కూర్చుంది. ఆంటీ తెగేసి చెప్పింది: "నువ్వు ఆడుతున్నవని నా కండ్లతోని చూస్తెనే నమ్ముత. లేకుంటె ఆ ఆట బంద్ జెయ్యి." ఈరోజు టోర్నమెంట్ సెమీఫైనల్. ఓడితే భవితకి ఈ ఏడు ఇక ఆట లేదు.

ఓడిపోతున్నాం. పద్దెనిమిది పాయింట్ల తేడా. నలభై సెకన్లుండగా కోచ్ బెంచీ వైపు తిరిగాడు. భవిత జాకెట్ విప్పింది. నీలం జెర్సీ, పదకొండో నంబర్. అంకుల్ సోఫాలోంచి లేచి నిలబడ్డారు.

టీవీలో బొమ్మ మారిపోయింది. వేరే ఊరు, వేరే జిమ్, వేరే జట్లు. తర్వాతి మ్యాచ్‌కి టైమైందట!



"నలభై సెకన్లు ఆగలేరా? ఇంతసేపూ టైర్ల యాడ్లు వేశారు కదయ్యా! ముప్పై ఏళ్లుగా చూస్తున్నా, వీళ్ల బుద్ధి మారదు!" అంకుల్ టీవీ మీద అరుస్తూ చానెళ్లు తిప్పడానికి రిమోట్ తీశారు.

"అగో! నా బిడ్డ!" ఫోన్‌లోంచి కేక.

కొత్త మ్యాచ్‌లోనూ ఒక జట్టుది నీలం జెర్సీయే. అందులో జడ వేసుకున్న పొడుగుపిల్ల ఒకతి. ఫోన్‌లోని మసక బొమ్మలో ఆంటీకి ఎవరు కనిపించారో నాకు అప్పుడర్థమైంది. ఆ పిల్ల బంతి వేసింది, పడింది. రెండోది. మూడోది. ఆంటీ ఏడుస్తూ పక్కింటి కొమరయ్యను పిలుస్తోంది. అంకుల్ అరుపులు సంబరం అనుకున్నట్టుంది.

చెప్పాలని నోరు తెరిచాను. చెప్పకుండా ఫోన్ ఇంకాస్త పైకెత్తి పట్టుకున్నాను. అంకుల్ రిమోట్ మెల్లగా బల్ల మీద పెట్టేశారు. అప్పుడే నా ఫోన్ పైన భవిత మెసేజ్ మెరిసింది: "ఓడిపోయినం. కానీ ఒక్కటి ఏసిన! ఫస్ట్ టైం! అమ్మ చూసిందా?"

మెసేజ్‌ని వేలితో పక్కకి తోసేశాను. ఇంత పిరికిదాన్నని నాకే తెలియదు.

కాసేపటికి భవితే కాల్‌లో కలిసింది. కెమెరా నా వైపు తిప్పుకున్నాను. మొహం నిండా చెమట, చెవుల దాకా నవ్వు.

"అమ్మా, పడ్డది! చూసినవా?"

"చూసిన బిడ్డా! మూడూ చూసిన! కొమరయ్య గూడ చూసిండు!"

భవిత నవ్వు ఆగింది. తెరలోంచి నా కళ్లలోకే చూసింది. నేను తల దించుకున్నాను.

"ఇంగ ఆట ఇడువకు. నేనేం అనను," అంది ఆంటీ.



"సరేనమ్మా," అంది భవిత. "మూడు."