వెనక నుంచి కోట

చొక్కా కాలరు మీద నీళ్లు చిలకరించి, ఒదీల్ ఇస్త్రీపెట్టెను చివర నుంచి మధ్యకు లాగింది. పక్కనున్న గుండ్రటి కిటికీలో సగం సేన్ నది, సగం ఒడ్డు. నాచు పట్టిన గోడ పైకి లేస్తున్నట్టు కనిపిస్తే పడవ లాకులో దిగుతోందని లెక్క. ఇరవై ఆరేళ్లుగా పారిస్ నుంచి రువాన్ దాకా ఆమె చూసిన దారి అంతే.

లావుపాటి ముంజేతులు, ఆవిరికి ఎర్రబడ్డ బుగ్గలు, ఎడమ బొటనవేలి మీద పాత కాలిన మచ్చ. పైన ప్రయాణికులు చూసొచ్చిన వింతలన్నీ మరకలై ఆమె దగ్గరికి దిగేవి. గడ్డి పసరు అంటితే వెర్నాన్ దగ్గర చిత్రకారుడి తోట, కొవ్వొత్తి మైనం అయితే రువాన్ చర్చి. దీపం కింద చీకటే అయినా ఆమెకు కొరతేమీ అనిపించలేదు, ఒక్క ఆందలీ కోట విషయంలో తప్ప. తెల్లటి సుద్దకొండ మీది ఆ శిథిలం కిటికీకి అందదు. పడవ అక్కడ ఆగదు. పగటిపూట పనివాళ్లు పై డెక్కు ఎక్కకూడదు.

ఈ రోజుతో ఆమె ఉద్యోగం అయిపోతుంది. రేపు ఎక్కడో కాంతాల్ కొండల్లో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్లిపోతుంది. ఇవాళ చూడకపోతే ఇక చూడటమంటూ ఉండదు.

మధ్యాహ్నం కెప్టెన్ బ్రివాల్ తనే కిందికి వచ్చాడు.

"ఒదీలమ్మా, అది పక్కన పెట్టి రండి. పైన కుర్చీ వేయించాను."

"ఇంకా పద్నాలుగు చొక్కాలున్నాయి కెప్టెన్ గారూ."

"వాటికి కోట చూడాలని లేదుగా!"

ఆమె ఆప్రన్ విప్పి వెళ్లి కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పక్క బల్ల దగ్గర కెర్వెల్లా అనే రిటైరైన డ్రాయింగు మాస్టారు బొమ్మల పుస్తకం తెరిచి సిద్ధంగా ఉన్నాడు. నది మలుపు తిరిగింది. "అదిగో!" అంటూ ఆయన లేచాడు. మోచెయ్యి తగిలి ఎర్ర వైను గ్లాసు తెల్లటి బల్లగుడ్డ మీద బోర్లాపడింది.

ఒదీల్ అప్పటికే లేచి నిలబడింది.

"గుడ్డ ముట్టుకోకండి! ఉప్పు ఇలా ఇవ్వండి. ఎవరైనా మరిగే నీళ్లు తెండి, త్వరగా!"

గుడ్డను గిన్నె మీద బిగించి పట్టుకుని, ఉప్పు రుద్ది, ఎత్తు నుంచి నీళ్లు పోసింది.

"తల ఎత్తండమ్మా, కోట!" పైనున్న చుక్కాని గదిలోంచి కెప్టెన్ అరిచాడు.

"ఉండండి! మరక పాతబడితే ఇక నా మాట వినదు!"

ఎరుపు గులాబీ అయింది, గులాబీ తెలుపయింది. అప్పుడు తలెత్తింది. కోట వెనకబడిపోయింది. కొండ మీద కొరికి వదిలేసిన రొట్టెముక్కలాంటి బురుజు ఒకటి, చిన్నదవుతూ. చేతుల నుంచి నీళ్లు కారుతుండగా, అది కనబడినంతసేపూ రెప్ప వాల్చకుండా చూసింది.

"అయ్యో, సరిగ్గా చూడనే లేదే," అన్నాడు దిగి వచ్చిన కెప్టెన్.

"దూరపు కొండలు నునుపంటారుగా. దగ్గర నుంచి చూసుంటే ఇస్త్రీ చెయ్యాలనిపించేది." ఆమె పకపకా నవ్వింది. నిజంగానే ఆమెకు సంతోషంగా ఉంది.

మాస్టారు సిగ్గుపడుతూ ఒక కాగితం చించి ఇచ్చాడు. ఆమె మరకతో తంటాలు పడుతుండగా గబగబా గీసిన కోట, ఎదుట నుంచి కనబడినట్టు. మూల మీద వైను చుక్క ఒకటి.

"దీనికీ ఉప్పు వేస్తారా మదామ్?"

"కాగితాలు నా శాఖ కాదండీ."

పద్నాలుగు చొక్కాలూ పూర్తిచేసి, సాయంత్రం రువాన్‌లో పెట్టె పట్టుకుని పడవ దిగింది. రేవు దాటేదాకా కెప్టెన్ చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

కింద ఇస్త్రీగదిలో, దిగే ముందే, తన చోటికి రేపు వచ్చే మనిషి కోసం, గుండ్రటి కిటికీకి జానెడు పైన ఆ బొమ్మను నాలుగు గుండుసూదులతో గుచ్చి ఉంచింది, మూలన వైను మరక ఇంకా ఎర్రగానే ఉంది.