శౌరమ్మ ఏరిన గింజలు

గుణదల కొండ కింది ఇరుకు వీధిలో, శౌరమ్మ ఇంటి అరుగుమీద, తెల్లారగానే చేట చప్పుడు వినపడేది. చౌకడిపో బియ్యం చేటలో పోసుకుని, కళ్లజోడు ముక్కుమీదికి జార్చుకుని, ఆమె గింజ గింజనూ పరీక్షించేది. కాస్త తెల్లగా, కాస్త బొద్దుగా కనిపించిన ప్రతి గింజనూ ఏరి అవతల పడేసేది. అవి ప్లాస్టిక్ బియ్యమని వీధంతా నమ్మింది. నీళ్లలో వేస్తే తేలుతున్నాయి కనుక వేరే సాక్ష్యం అక్కర్లేదనుకుంది. తక్కినవాళ్లు నాలుగు రోజులు ఏరి విసుగెత్తి మానుకున్నారు. శౌరమ్మ మానుకోలేదు. ఆమె కోడలు డయానాకు ఏడో నెల. ఆ కడుపులోకి కల్తీ గింజ ఒక్కటీ పోకూడదని ఆమె పంతం.

అయినా డయానా రోజురోజుకూ పాలిపోయింది. మెట్లెక్కితే ఆయాసం, లేచి నిలబడితే కళ్లు తిరగడం. ఆసుపత్రిలో చూస్తే రక్తం ఎనిమిదిన్నర గ్రాములే. కాన్పు నాటికి పది దాటకపోతే తల్లికే ప్రమాదమని డాక్టరమ్మ చెప్పి పంపింది. పరగడుపున ఐరన్ మాత్ర వేసుకుంటే వాంతి. కూర వాసన పడదు. అన్నం, మజ్జిగ తప్ప మరేదీ కడుపులో ఇమడదు. శౌరమ్మ కొండమీది మరియమాతకు కొవ్వొత్తులు మొక్కుకుంది. మొక్కుకుని, మరింత జాగ్రత్తగా బియ్యం ఏరింది.

ఒక ఉదయం వార్డు నర్సు సింధూరి వచ్చింది. డయానా కనురెప్ప కిందికి లాగి చూసి, ఏం తింటోందో, ఎప్పుడు తింటోందో అడిగి, వంటిల్లు చూస్తానంది. శౌరమ్మకు అది గర్వంగా చూపించవలసిన చోటే. చేట తెచ్చి ముందు పెట్టింది.

"ఒక్క ప్లాస్టిక్ గింజ కూడా పోనివ్వటం లేదమ్మా."

సింధూరి ఏరి పక్కన పెట్టిన కుప్పలోంచి ఒక గింజ తీసి అరచేతిలో పెట్టుకుంది. వేలితో దొర్లించి చూసింది. తరవాత మెల్లగా చెప్పింది. అది ప్లాస్టిక్ కాదు, బియ్యప్పిండే. అందులో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి పన్నెండు విటమిను కలిపి, ముద్ద చేసి, మళ్లీ గింజలా ఒత్తుతారు. కిలో బియ్యానికి పది గ్రాములు కలుపుతారు. రక్తం తక్కువున్న వాళ్లకు ఆసరాగా ఉంటుందనే కలుపుతారు.

"మరి ఇన్నాళ్లూ ఏరినవన్నీ ఏంచేశారండీ?"

"గోడవతల పారబోశా. పక్కింటోళ్ల కోళ్లు తింటన్నాయి."

"అయితే ఈ వీధిలో ఒంటినిండా రక్తమున్నది ఆ కోళ్లకేనండీ," అని సింధూరి నవ్వింది.

శౌరమ్మకు నవ్వు రాలేదు. ఆ గింజలొక్కటే చాలవనీ, మాత్ర రాత్రి అన్నం తిన్నాక వేయమనీ, తిన్న వెంటనే టీ ఇవ్వొద్దనీ, మునగాకు పప్పులో నిమ్మకాయ పిండమనీ నర్సు చెబుతుంటే అన్నిటికీ తలూపింది. ఆమె వెళ్లాక లోపలికి నడిచింది. కోడలి మంచం పక్కన నేలమీదే కూర్చుంది. డయానా అంతా విన్నదని ముఖం చూస్తేనే తెలిసింది.

"నీ నోటికాడి ముద్ద నేనే తీసేశానే తల్లీ."

డయానా అత్తగారి చేతిని తన చేతిలోకి తీసుకుంది. చేట అంచు రాసుకుని వేలి చివర కాయ కాచి ఉంది.

"కళ్లు సరిగా ఆనకపోయినా రోజూ రెండు గంటలు నాకోసం కూర్చున్నారు అత్తయ్యా. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఉంటే ఏం చేసేదో నాకు తెలీదు. ఇదే చేసేదనుకుంటా."

శౌరమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. అది చూసి డయానా గొంతు మార్చింది.

"రేపట్నించి ఆ రెండు గంటలూ ఖాళీయేగా. నా కాళ్లు పట్టండి."

"ఆశకి అంతుండాలి," అంది శౌరమ్మ. అంటూనే వాచిన పాదాలను ఒళ్లోకి తీసుకుంది.

మర్నాడు చేటలో రాళ్లు మాత్రమే ఏరింది. పాత అలవాటుకు వేళ్లు తెల్ల గింజ దగ్గర ఆగాయి. సిలువ గుర్తు వేసుకుని దాన్ని బియ్యంలోకి తోసింది. కంకిపాడునుంచి ఆమె తమ్ముడు మునగాకు మోసుకొచ్చాడు. రాత్రి అన్నం తిన్నాక వేసిన మాత్ర కడుపులో నిలిచింది. వారం గడిచేసరికి డయానా తనంతట తానే రెండో ముద్ద అడిగింది.

ఏడు వారాల తరవాత సింధూరి చీటీ పట్టుకుని వీధి మొదటినుంచే చెయ్యూపుతూ వచ్చింది. పదీ పాయింటు రెండు.

ఆ మధ్యాహ్నం కంచాల ముందు శౌరమ్మ చేసిన ప్రార్థన రోజూ చేసేదానికంటే పొడుగైంది. ఆకు తెచ్చిన తమ్ముడికి, దారి చూపిన నర్సమ్మకు, ఎక్కడో గింజలో ఇనుము దాచిన ముక్కూమొహం తెలియని చేతులకు దీవెనలడిగింది. ఆమేన్ అనబోతుంటే డయానా కళ్లు తెరవకుండానే ఒక మాట చేర్చింది: "చేట పట్టిన చేతులకి కూడా."

ఉడికిన అన్నంలో ఏది ఏ గింజో తెలియడం లేదు. శౌరమ్మ పప్పు కలిపి, నిమ్మకాయ పిండి, మొదటి ముద్ద కోడలి నోటికి అందించింది. గోడవతల కోళ్లు మెడలు చాచి కాసేపు ఎదురుచూసి, వేరే వాకిలి వెతుక్కుంటూ వెళ్లిపోయాయి.