ఫ్రిజ్ వెనుక జానెడు

దర్జీకి కొలతే దైవం. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్న నాడు వంటగదిని నిలువునా చీల్చే గోడకి గుర్తు పెట్టింది ఆయనే, తన మెడలో వేలాడే టేపుతోనే. ఫ్రిజ్ లోతు కొలిచి, సరిగ్గా అంతకే సున్నం గీత గీశాడు. తమ్ముడు పక్కన నిలబడి, గీత ఇంకో జానెడు నా వైపుకి జరుపు అన్నయ్యా, ఫ్రిజ్ వెనక కాస్త ఖాళీ ఉండాలంటారు అన్నాడు. అప్పటికే ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. దర్జీకి ఆ మాట ముష్టి వేసినట్టు వినిపించింది.

“నీ జానెడు నువ్వే ఉంచుకో,” అన్నాడు. వాళ్ళ మధ్య నడిచిన ఆఖరి మాట అదే.

గోడ లేచింది. ఫ్రిజ్ దానికి అతికించినట్టు కూర్చుంది. కొలతంటే ఇదీ అని దర్జీ చాలాకాలం మురిసిపోయాడు.

ఎండలు ముదిరాక అది మొరాయించడం మొదలుపెట్టింది. కాసేపు గుర్రుమంటుంది, టక్కుమని ఆగిపోతుంది, మళ్ళీ ఎప్పటికో మూలుగుతుంది. పాలు విరిగితే పోనీలే అనుకోవచ్చు. కానీ తలుపు అరలో భార్య చక్కెర జబ్బుకి వాడే ఇన్సులిన్ ఉంది. అది వేడెక్కితే నీళ్ళతో సమానమని, మనిషికే ముప్పని డాక్టరు చెప్పాడు. దగ్గర్లో చల్లని చోటు ఇంకొకటి ఉందంటే అది గోడ అవతలే. అటు చేయి చాపడం కంటే చేయి నరుక్కోవడం నయమనుకున్నాడు దర్జీ.

అందుకని తనే దానికి సేవ మొదలుపెట్టాడు. గోరువెచ్చని సబ్బునీళ్ళతో తలుపు రబ్బరు మడతలన్నీ తుడిచాడు. కాగితం ముక్క పెట్టి తలుపు మూసి లాగి చూశాడు. రబ్బరు గట్టిగానే పట్టుకుంది. గడ్డకట్టిన మంచుని కత్తితో గీకకుండా, స్విచ్చి ఆపి, కరిగేదాకా గిన్నె పట్టుకు కూర్చున్నాడు. మందు సంగతి నేను చూసుకుంటాలెండి అంది భార్య. వేడి కూరలు లోపల పెట్టావని ఆవిడమీద విసుక్కున్నాడు. ఆవిడ పెట్టనే లేదు.

ఫ్రిజ్ తీరు మారలేదు. భార్య మాత్రం కులాసాగానే ఉంది. పరీక్ష చేయిస్తే చక్కెర అదుపులోనే ఉందన్నారు. తన సేవ వృథా పోలేదనుకున్నాడు.

చివరికి మెకానిక్కుని పిలిచాడు. ఒంటిమీద దర్జీ కుట్టిన చొక్కాతోనే వచ్చాడతను. ఫ్రిజ్ పక్కకి అరచేయి ఆనించి చటుక్కున తీసేశాడు. ఇద్దరూ కలిసి దాన్ని ముందుకి లాగారు. వెనక నల్లటి గొట్టాల మీద దుమ్ము దుప్పటిలా పరుచుకుని ఉంది. గోడ సున్నం ఆ సెగకి పసుపెక్కింది.

“దీనికి జబ్బేం లేదు బాబాయ్. లోపలి వేడి వెనకనుంచి పోవాలి. నువ్వేమో ముక్కూ నోరూ మూసి పరిగెత్తమంటున్నావు.” అతను తన చొక్కా గుండెల దగ్గర పట్టి లాగి చూపించాడు. “నాకు ఇంత లూజు వదిలావు కదా. దీనికెందుకు వదల్లేదు?”

దర్జీ ఎంత వదలాలో అడగలేదు. మెకానిక్కే బొటనవేలూ చిటికెనవేలూ చాచి చూపించాడు.

దుమ్ము దులిపారు. ముందుకి జరిపి ఉంచుదామంటే పొయ్యిగట్టుకి తగిలి తలుపు సగమే తెరుచుకుంటోంది. ముందుగదిలో కుట్టుమిషను, గుడ్డలు కత్తిరించే బల్ల. పిల్లి దూరే సందు లేదు. చల్లారేదాకా ఆపి ఉంచమనీ, అవతలివాళ్ళని అడిగి గోడ కాస్త జరిపించుకోమనీ చెప్పి మెకానిక్ వెళ్ళిపోయాడు.

దర్జీ తలుపు అరలోంచి మందు డబ్బాని రెండు చేతులా గుడ్డులా ఎత్తుకున్నాడు.

“తడిగుడ్డ తే. పాడైపోతుంది.”

భార్య గుమ్మంలోనే నిలబడింది. “ఖాళీ డబ్బాకి తడిగుడ్డెందుకు?”

ఊపి చూశాడు. చప్పుడు లేదు. “మందేదీ?”

ఆవిడ గడ్డంతో గోడవైపు చూపించింది. ఈ ఫ్రిజ్ మొరాయించినప్పటినుంచీ అక్కడే ఉందట. తోడికోడలు పూటపూటకీ పెరటి గోడ మీదుగా అందిస్తుందట, సూది వేసుకుని ఈవిడ తిరిగి ఇచ్చేస్తుందట.

“వాడికి తెలుసా?”

“పై అర ఖాళీ చేయించింది మీ తమ్ముడే.”

“నాకొక్క మాట చెప్పలేదే.”

“చెబితే తెచ్చి దీంట్లోనే పెట్టేవారు.”

కాదనడానికి నోరు తెరిచాడు. పెట్టేవాడే.

గోడ అవతల ఇంకో ఫ్రిజ్ ఒకే తీరుగా గుర్రుమంటోంది. దర్జీ ఏమీ విననట్టే ఖాళీ డబ్బాని దాని చోట్లోనే పెట్టి తలుపు మూశాడు. తర్వాత భుజం ఆనించి, ఫ్రిజ్‌ని మళ్ళీ గోడకి ఆనేదాకా నెట్టాడు.