వీధి మధ్యదాకా మనదే

బేస్‌మెంటులో మురుగు పొంగితే ముందు పెట్టెలు మెట్ల మీదికి చేర్చాలి. తరవాత నేల మధ్యనున్న తూము చుట్టూ పాత తువ్వాళ్లు పరవాలి. బ్లీచు ఆఖరున. పంతొమ్మిదేళ్లుగా ఈ క్రమం నాకు కంఠతా వచ్చు. మొన్న మంగళవారం కూడా అలాగే చేశాను. మెట్ల మీద నిలబడి "అయిందా అడెల్?" అని అడగడానికి నా భర్త క్లెమెన్స్ మాత్రం లేడు. పోయి పదకొండు వారాలయింది.

మురుగు పొంగిన ప్రతిసారీ మా అత్తగారు బ్రోనియా ఒకటే మాట అనేవారు. "ఆడవాళ్ల సామాను పడేస్తే గొట్టం మాత్రం ఏం చేస్తుంది, పాపం?" అందరూ తింటుండగా అనేవారు. క్లెమెన్స్ నవ్వేవాడు కాదు, కాదనేవాడూ కాదు. రై రొట్టెకు వెన్న రాసుకునేవాడు. నేనేమీ పడేయలేదని ఒక్కసారి చెప్పి ఊరుకున్నాను. ఆ తరవాత ఎంత మంచు పడుతున్నా బూట్లు తొడుక్కుని, కాగితంలో చుట్టింది పట్టుకుని సందు చివరి చెత్తడబ్బా దాకా నడిచేదాన్ని. ఎవరైనా చూస్తే సాక్ష్యంగా ఉంటుందని. నాలుగో తరగతి పిల్లలకు పాఠం చెప్పే మనిషిని, నెలకోసారి అలా సాక్ష్యం మోసేదాన్ని.

మా ఊరు మిల్వాకీలో శుక్రవారమంటే చేప వేపుడు. మా ఇంట్లో అది క్లెమెన్స్ పని. పైన వాసన పట్టకూడదని బేస్‌మెంటులోనే వేయించేవాడు. అందరూ మెచ్చుకునేవారు. గిన్నెలు నేను తోమేదాన్ని. మిగిలిన నూనెను బట్టలుతికే తొట్టిలో వంపి, వెనకే మరిగే నీళ్లు పోసేవాడు. వేడినీళ్లు పోస్తే నూనె సాగిపోతుందని వాళ్ల నాన్న నేర్పాడట. నేనూ నమ్మాను.

ఈసారి ప్లంబరును మరిది నార్బర్ట్ పిలిచాడు. వాళ్లమ్మను కూడా వెంటబెట్టుకొచ్చాడు.

"వదినా, ఈ పాత ఇల్లు నీ ఒక్కదానివల్ల కాదు. వీధి మధ్యనున్న పెద్ద గొట్టం దాకా పూచీ మనదే, నగరంవాళ్లు పట్టించుకోరు. నాకు అమ్మేసెయ్. బడి దగ్గర చిన్న ఫ్లాటు చూసుకో."

"వాడు నీ మంచికే చెబుతున్నాడమ్మా," అన్నారు అత్తగారు.

దాదాపు సరేనన్నాను. ఆ వారాల్లో ఎవరేం చెప్పినా సరే అనడమే తేలికగా ఉండేది.

ప్లంబరు గొట్టంలోకి కెమెరా దింపి, "చూడండి సార్," అని తెరను నార్బర్ట్ వైపు తిప్పాడు. గొట్టం గోడలకు తెల్లగా, మైనంలా ఏదో పేరుకుని ఉంది. "వంట నూనె. చెట్టు వేళ్లు కాస్త దూరాయిగానీ అసలు జబ్బు ఇదే."

"మరి... ఆడవాళ్ల సామాను?" అన్నారు అత్తగారు.

"ఒక్కటీ లేదు. నాలుగేళ్ల కిందటా నేనే వచ్చాను సార్. నూనె చల్లారాక డబ్బాలో పోసి చెత్తలో వేయండి, ఇందులో వంపకండి అని ఇంటాయనకు చెప్పాను. 'అలాగేలే' అన్నాడు."

ఆ రోజు నేను బడిలో ఉన్నాను. సాయంత్రం క్లెమెన్స్ అన్న మాట బాగా గుర్తుంది. "అమ్మ చెప్పిందే నిజమైంది. ఇకనైనా జాగ్రత్తగా ఉండు అడెల్." ఏమీ పడేయని నేను, ఆ రాత్రి నన్నే అనుమానించుకున్నాను.



పేరుకున్నది కోసి తీయాలని, మురుగు వెనక్కి తన్నకుండా వాల్వు బిగించాలని, ఏటా ఒకసారి గొట్టం చూపించుకోవాలని ప్లంబరు చెప్పాడు. "ఇంటి యజమాని సంతకం కావాలి," అంటూ కాగితం నార్బర్ట్‌కు అందించాడు. నార్బర్ట్ జేబులో కలం వెతుక్కున్నాడు.

"ఇలా ఇవ్వండి. యజమానిని నేను," అన్నాను. సంతకం చేశాను.

"తొందరపడకు వదినా..."

"ఇల్లు అమ్మడం లేదు నార్బర్ట్."

అత్తగారు నా మోచెయ్యి పట్టుకున్నారు. "పోయినవాడి మీద ఇప్పుడు ఇదంతా ఎందుకమ్మా? వాడు మంచివాడు. వదిలెయ్."

"పదకొండు వారాలు ఆ మంచివాడి కోసమే ఏడ్చాను అత్తయ్యా," అన్నాను. "ఇప్పుడిక నాకు అబద్ధం చెప్పిన మా ఆయన కోసం ఏడవాలి."