రాగానికి లేవనివాడు

అన్నిటికన్నా ముందు కలాన్ని సృష్టించి, రాయమని దానిని ఆజ్ఞాపించిన ప్రభూ! గుండెల్లో దాగినదంతా ఎరిగినవాడవు నీవే. నేను ఇన్నేళ్ళు దాచిన ఒక ముడిని నేడు నీ సాక్షిగా విప్పుతున్నాను. నా మాట వంకరపోకుండా కాపాడు.

ఆ రోజుల్లో మా కంకాన్ పట్టణంలో పాట కూడా ప్రభుత్వోద్యోగమే. మా ప్రభాత బృందంలో పన్నెండుగురం ఉండేవాళ్ళం. గిటార్లు, బాకాలు, మెరుపు చొక్కాలు రాజధాని నుంచి వచ్చేవి. ఏం పాడాలన్నదీ అక్కడి నుంచే వచ్చేది. మోర్లాయ్ సుమా అనే పార్టీ ప్రతినిధి ప్రతి సాధనకూ వచ్చి, ముందు వరుసలో కూర్చుని, వక్కలాంటి చేదు కోలాకాయ నములుతూ వినేవాడు. అతడు సముద్రతీరంవాడు. మా భాష వచ్చును గాని, ఏ రాగం ఏ ఇంటిదో తెలియదు.

నేను కర్రలతో మీటే చెక్కపలకల వాద్యం, బాలాఫోన్ వాయించేవాణ్ణి. ఏడు తరాలుగా మావాళ్ళు మాన్సారే వంశానికి కీర్తనకారులు. మా దేశంలో ప్రతి పెద్ద వంశానికీ తనదైన రాగం ఉంటుంది. అది వినబడగానే ఆ వంశీయుడు ఎక్కడున్నా లేచి నిలబడి కుడిచెయ్యి ఎత్తాలి. లేవకపోవడమంటే పూర్వీకులను రెండోసారి పూడ్చడమే. తల్లి వీపున ఉన్ననాటినుంచి ఒంటికి పట్టిన అలవాటది. మనసు వద్దన్నా కాళ్ళు లేస్తాయి.

ఆ సంవత్సరం వానలకు ముందు మంత్రి కరామొ మాన్సారేను కుట్రదారుడని పట్టుకుపోయారు. రేడియోలో ఆయన గొంతే ఆయన నేరాన్ని చదివింది. ఆ గొంతులో ఆయన లేడు. తరువాత ఆయన అన్నలిద్దరూ మాయమయ్యారు. మిగిలినవాడు చిన్నతమ్ముడు ఫామొరో. అతణ్ణి నేనే తెచ్చి, తల్లి ఇంటిపేరుతో, ఫామొరో సానో అని, చేతికి సాక్సోఫోన్ ఇచ్చి బృందంలో కూర్చోబెట్టాను. అసలు పేరు మా అందరికీ తెలుసు. తెలియనివాడు మోర్లాయ్ ఒక్కడే.

ఒకనాడు సాధన మధ్యలో మోర్లాయ్ చెయ్యెత్తి ఆపాడు.

"పెద్దాయనా, వచ్చే శుక్రవారం అధ్యక్షులవారు వస్తున్నారు. పాతకాలపు రాజులకున్నట్టు ఆయనకీ ఒక రాగం ఉండాలి. కొత్తది కట్టొద్దు, కొత్తదానికి బరువుండదు. నిన్న గిడ్డంగిలో ఓ పాత రికార్డు విన్నా. పేరు గీకేసి ఉంది గానీ, అబ్బ, ఏం రాగమయ్యా! ఇదుగో, ఇలా..."

ఈల వేశాడు. మాన్సారేల రాగం.

ఫామొరో సగం లేచాడు. పక్కనున్న గాయని నాన్సిరా అతని చొక్కా పట్టి కిందికి గుంజింది.

"ఓయ్ బొబ్బర్ల తిండిపోతా! ఇంకా అన్నం కుండ దించనేలేదు, అప్పుడే ఎక్కడికి లేస్తున్నావ్? కూర్చో!"

మా దగ్గర కొన్ని ఇంటిపేర్లవాళ్ళు ఒకరినొకరు అలా తిట్టుకోవచ్చు, తప్పు లేదు. అందరం నవ్వాం. మోర్లాయ్ కూడా నవ్వాడు.

"బొబ్బర్లంటే అంత ఇష్టమా, సానో?"

"మా అమ్మ చేసిన అలవాటు, కామ్రేడ్."

అతడు వెళ్ళాక ఎవరూ వాద్యం ముట్టలేదు.

"తాతా, నీ వేలు విరిగిందని చెప్పెయ్యరాదూ?" అంది నాన్సిరా.

"నా వేలు విరిగితే నా కొడుకు వేలితో వాయింపిస్తాడమ్మా."

"నేను పారిపోతాను," అన్నాడు ఫామొరో.

"శుక్రవారం లోపల పారిపోతే నువ్వెవరో నువ్వే చాటింపు వేసినట్టురా."

అతడు తన మోకాళ్ళను రెండు చేతులా అదిమిపట్టాడు. "అయితే నన్ను కట్టెయ్యి, పెద్దయ్యా. నేను చెప్తే వినే కాళ్ళు కావివి."

నీలిమందు బట్ట ఒకటి చింపి అతని రెండు కాళ్ళనూ కుర్చీ కోళ్ళకు కట్టాను. ముందు పెద్ద డప్పులు అడ్డం పెట్టాం. సాధనలో రాగం ఎత్తుకున్న ప్రతిసారీ వెనక కుర్చీ ఒక్కసారి కిర్రుమనేది. ఆ చప్పుడు వినబడితే నాకు భయం. వినబడకపోతే అంతకన్నా భయం.

శుక్రవారం వచ్చింది. రక్షణకోరే వాక్యాలు చదువుతూ ముడి మీద ముడి వేశాను. సభామందిరం నిండింది. మాన్సారే పూర్వీకుల పేర్లున్న చోటల్లా నాన్సిరా అధ్యక్షుడి పేరు పాడింది. మూడో చరణంలో అధ్యక్షుడు మెల్లగా లేచి నిలబడి కుడిచెయ్యి ఎత్తాడు. ఆ రాగం ఎవరిదో ఆయన ఎరుగును, ఎరిగే లేచాడు.

ఆయన లేవగానే సభ అంతా లేచింది. కావలివాళ్ళు, గుమ్మం దగ్గర నీళ్ళిచ్చేవాళ్ళు, వేదిక మీద మేము, ఎవరి చేతిలోని వాద్యంతో వాళ్ళం లేచాం. లేవకుండా ఉంటే ప్రాణం దక్కుతుందనుకున్నాం గాని, అందరూ లేవవలసిన ఘడియ వస్తుందని మా పన్నెండుగురిలో ఒక్కరికీ తోచలేదు.

ఆ మందిరంలో కూర్చున్నవాడు ఫామొరో ఒక్కడే. లేవబోతే కుర్చీ కూడా లేచి మళ్ళీ కూలబడింది. అతడు కళ్ళు మూసుకుని ఊదుతూనే ఉన్నాడు. నేను చెయ్యి చాస్తే ముడి అందుతుంది. కాని నా రెండు చేతులూ ఆ రాగంలోనే ఉన్నాయి. తెరపక్కన మోర్లాయ్ నమలడం ఆపేశాడు.

సభ ముగిసి, జనం పోయి, తలుపులు మూశాక అతడు వేదిక ఎక్కి ఫామొరో ముందు గొంతుకూర్చున్నాడు. ముడిని వేలితో తడిమాడు.

"కాళ్ళకు వణుకు జబ్బు, కామ్రేడ్," అంది నాన్సిరా. "తాళం తప్పుతాడేమోనని కట్టాం."

"అలాగా." తల నావైపు తిప్పాడు. "అధ్యక్షులవారు వెళ్తూ వెళ్తూ ఈ రాగం ఎవరిదో నా చెవిలో చెప్పారు పెద్దాయనా. నువ్వు గ్రంథం చదివినవాడివి, అబద్ధం ఆడవంటారు. ఇది వింటే కాళ్ళు ఎవరికి వణుకుతాయి?"

నేను మాట్లాడలేదు. నా నోరు అబద్ధమాడలేదు. అయినా ఆ మౌనం ఒక ఇంటిపేరంత స్పష్టంగా వినిపించింది.

మోర్లాయ్ ఎంతో ఓపికగా నా ముళ్ళన్నీ విప్పాడు. బట్టను మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇప్పుడు వాయించు."

నేను బాలాఫోన్ కర్రలు కింద పెట్టేశాను. ఫామొరో సాక్సోఫోన్‌ను పెట్టెలో పడుకోబెట్టి మూత వేశాడు.

"వాయించు పెద్దయ్యా," అన్నాడు. "ఆరు రోజులుగా మా పూర్వీకుల ముందు కూర్చునే ఉన్నాను. కాళ్ళు నొప్పిపుడుతున్నాయి."

వాయించాను. ఏడు తరాల పేర్లనూ ఒక్కటి వదలకుండా, గొంతెత్తి పిలిచాను. అతడు లేచి నిలబడి కుడిచెయ్యి ఎత్తాడు. అతణ్ణి పట్టుకుపోవడానికి తలుపు దగ్గర వేచి ఉన్న కావలివాళ్ళిద్దరూ రాగం పూర్తయ్యేదాకా ఆగారు.

ఆ తరువాత ఆ రాగం ప్రతి ఉదయమూ రేడియోలో వచ్చేది. వినబడగానే పట్టణమంతా లేవాలని ఆజ్ఞ. లేచేవారు. మోర్లాయ్ సంత మధ్యలో నిలబడి కోలాకాయ నములుతూ, ఆజ్ఞ గుర్తొచ్చి లేచేవాళ్ళను వదిలేసి, అంతకన్నా ఒక్క క్షణం ముందు లేచేవాళ్ళ ముఖాలను చూస్తుండేవాడు.

విన్న మీకందరికీ ప్రభువు శాంతినిచ్చుగాక. మీ తండ్రుల పేరు మీ పిల్లల నోట భయం లేకుండా పలుకుగాక. మీరు లేచి నిలబడిన వేళ మీ చేయి పట్టుకునేవాడు ఆయనే అగుగాక. ఆమీన్.