ఊత కడ్డీ

"ఎత్తండ్రా! ఇంకాస్త ఎత్తండి!"

ఇనుప పలక కింద ఫిట్టరు బావమరిది కాలు నలిగిపోతోంది. సరుకు దింపే గట్టుకీ లారీకీ మధ్య వంతెనలా వాల్చే పలక అది. నలుగురు హమాలీలు గడ్డపారలు దూర్చారు. ఫిట్టరు భుజం ఆనించి పళ్లు బిగించాడు. జానెడు లేచింది. మనిషిని బయటికి లాగారు.

"బావా, అక్కతో కాస్త బెణికిందని చెప్పు," అన్నాడు బావమరిది. ఆ మాటతోనే స్పృహ తప్పాడు.

అతన్ని ఆసుపత్రికి పంపి వెనక్కి తిరిగేసరికి మేనేజరు కాగితంతో సిద్ధంగా నిలబడి ఉన్నాడు. పక్కన పోలీసు.

"ఫిట్టరు బిగించిన స్ప్రింగు జారి పలక పడింది. అందరూ సంతకాలు పెట్టండి. పెట్టనివాడు రేపట్నుంచి రానక్కర్లేదు."

స్ప్రింగు తనదే. గొలుసు లాగి పలక లేపలేక ఇద్దరేసి మనుషులు నడుములు విరగ్గొట్టుకుంటుంటే చూడలేక, ఆర్నెల్ల కిందట బిగించాడు. ఒంటిచేత్తో లేచింది పలక. హమాలీలు అతన్ని భుజాలకెత్తుకున్నారు. మర్నాడే మేనేజరు, గొలుసుకి ఒక్కడు చాలని రెండోవాణ్ణి తీసేశాడు.

ఫిట్టరు టార్చి పట్టుకుని పలక కింద గోతిలోకి దిగాడు. స్ప్రింగు చెక్కుచెదరలేదు. బావమరిది కింద చెత్త తీస్తుండగా లారీ వెనక్కొచ్చి గట్టుని గుద్దింది. ఆ అదురుకి ఏ స్ప్రింగూ ఆగదు. మనిషి కిందికి దూరినప్పుడు పలక పడకుండా ఆపాల్సింది ఊత కడ్డీ. అది ఉండాల్సిన చోట మొండి ముక్క మాత్రమే ఉంది. నున్నగా కోసిన ఇనుము, పైన కొత్త రంగు.

"ఊత ఎవడు కోశాడ్రా?"

బస్తాలు కుట్టే పెద్దమ్మ నోరు విప్పింది.

"నువ్వు సెలవులో ఉన్నప్పుడు కోశారయ్యా. అందరం చూశాం."

"చూసి ఊరుకున్నారా?"

"ఊత పెట్టి తియ్యడానికి టైము పోతోందన్నారు. పలక దూదిలా లేస్తోంది కదా, ఇంకెందుకులే అనుకున్నాం. పొద్దున నీ బావమరిది దూరుతుంటే నేనైనా వద్దనలేదు."

"ముసల్దానా, నోర్ముయ్!" మేనేజరు అరిచాడు.

పోలీసు ఫిట్టరు రెక్క పట్టుకున్నాడు. "పద, స్టేషన్లో మాట్లాడుకుందాం."

"ఆగండి సార్." వెల్డరు ముందుకొచ్చాడు. "కోసింది నేను."

"అయితే నువ్వూ జీపెక్కు!" అన్నాడు పోలీసు.

"ఎక్కుతా. ఎవరు కొయ్యమన్నారో అడగరేం?"

"అనవసరంగా బతుకు పాడుచేసుకోకు," అన్నాడు మేనేజరు, మెల్లగా.

వెల్డరు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఫిట్టరు అతని కళ్లలోకి చూశాడు. "చెప్తే నీ పని పోతుంది తమ్ముడూ. చెప్పకపోతే రేపు ఆ గోతిలోకి ఇంకొకడు దిగుతాడు. అది నువ్వే కావచ్చు."

పెద్దమ్మ వెళ్లి జీపు ముందు కూర్చుంది. ఆమె వెనకే హమాలీలు. అప్పటికే ఆ కాగితం మీద సంతకం పెట్టేసిన ముగ్గురు కూడా వచ్చారు, తల ఎత్తలేక.

"ఎవరు కొయ్యమన్నారు?" పోలీసు విసుగ్గా పుస్తకం తీశాడు.

"మేనేజరు," అన్నాడు వెల్డరు.

"వినపళ్లేదు."

ఈసారి గట్టు మీదున్న వాళ్లంతా చెప్పారు. కేకలు పెట్టలేదు. అతను రాసుకునేంత నిదానంగా, ముక్క ముక్కగా చెప్పారు.

"ఊత కోయించింది మేనేజరు. రాసుకో!"